గేర్‌బాక్స్ దించే ముందు



పాత కారు పెట్టుకున్నవాళ్లు మెకానిక్ నోట వినకూడదనుకునే మాటలు రెండున్నాయి. "ఇంజన్ దించాలె సార్" అనేది ఒకటి, "గేర్‌బాక్స్ దించాలె సార్" అనేది ఇంకొకటి. ఇవాళ నేను మాట్లాడేది ఆ రెండో మాట గురించి. అది నిజమయ్యే సందర్భాలు ఉన్నాయి, కాదనను. కానీ అవసరం లేకపోయినా గేర్‌బాక్సును దించి, క్లచ్ ప్లేటు మార్చి, మళ్లీ ఎక్కించాక కూడా గేరు పడక, యజమానీ మెకానిక్కూ ఒకరి ముఖం ఒకరు చూసుకునే సందర్భాలూ తక్కువేం కాదు. మీ చేతి కింద ఉన్న గేరు రాడ్డుకూ, బానెట్ కింద ఉన్న గేర్‌బాక్సుకూ నడుమ రెండు కేబుళ్లు ఉంటాయి. ముందు వాటిని చూడమని చెప్పడానికే ఈ ప్రసంగం.

హైదరాబాద్‌లో విద్యానగర్, దుర్గాబాయి దేశ్‌ముఖ్ కాలనీ, అడిక్‌మెట్, ఉస్మానియా క్యాంపస్ దాటితే తార్నాక, హబ్సిగూడ. ఈ చుట్టుపక్కల పాత కార్లు కాస్త ఎక్కువేనని నాకనిపిస్తుంది. ఉస్మానియాలో పాఠాలు చెప్పినవాళ్లు, ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ లాంటి పరిశోధన సంస్థల్లో, జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసి రిటైరైనవాళ్లు చాలామంది ఈ కాలనీల్లోనే ఇళ్లు కట్టుకున్నారు. సర్వీసులో ఉండగా లోను పెట్టి కొన్న కారు ఇంకా నడుస్తుంటే కొత్తది ఎందుకంటారు వాళ్లు. అమెరికా నుంచి పిల్లలు ఫోన్ చేసి "నాన్నా, ఆ డబ్బాను అమ్మెయ్యండి" అంటారు. ఆ నాన్న ఆ మాట విననట్టే మనవడి చదువు సంగతి అడుగుతారు. అందుకే ఖైరతాబాద్ ఏపీ 09, సికింద్రాబాద్ ఏపీ 10, మలక్‌పేట ఏపీ 11 నంబరు ప్లేట్లు ఈ వీధుల్లో ఇంకా తిరుగుతున్నాయి. 2014లో టీఎస్ వచ్చింది, 2024లో టీజీ వచ్చింది, ఈ బండ్లు మాత్రం తమ పాత నంబరుతోనే ఉన్నాయి.

చట్టం కూడా వీటికి అడ్డం రాదు. ప్రైవేటు కారుకు మొదటి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు. అది తీరాక ఆర్టీఏ వాళ్లకు బండి చూపించి, ఫిట్‌నెస్ ఉందనిపించుకుని, గ్రీన్ ట్యాక్స్ కట్టి, ఐదేసి ఏళ్ల చొప్పున పొడిగించుకోవచ్చు. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిలు కార్లకూ పదిహేనేళ్లు దాటిన పెట్రోలు కార్లకూ పెట్టిన నిషేధం లాంటిది మన దగ్గర లేదు. కాబట్టి బండి బాగుంటే నడుపుకోవచ్చు. బాగుండటమనేదే అసలు సమస్య.

అన్ని పాత కార్లలోనూ ఈ కేబుళ్లు ఉండవు. అంబాసిడర్‌లో, ప్రీమియర్ పద్మినిలో గేరు రాడ్డు చాలాకాలం స్టీరింగు పక్కన ఉండేది. అక్కణ్నుంచి ఇనుప కడ్డీలు గేర్‌బాక్సు దాకా వెళ్లేవి. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800లో రాడ్డు సీట్ల మధ్యకు వచ్చింది కానీ, కింద పని చేసేది మాత్రం కడ్డీయే. కేబుళ్లు మన మధ్యతరగతి ఇళ్లలోకి ఎక్కువగా వచ్చింది 1998లో. ఆ ఏడాది సెప్టెంబరులో హ్యుందాయ్ శాంత్రో, డిసెంబరులో టాటా ఇండికా విడుదలయ్యాయి. 2010లో ఆల్టో కె10 తెచ్చినప్పుడు మారుతి వాళ్లు కేబుల్ గేరును ఒక గొప్పగానే చెప్పుకున్నారు. గొప్పే మరి. కడ్డీ ఉన్న బండిలో ఇంజను వణుకు నేరుగా మన అరచేతిలోకి వస్తుంది. కేబుల్ వంగుతుంది కనుక ఆ వణుకును దారిలోనే మింగేస్తుంది. పైగా డిజైను చేసేవాళ్లు దాన్ని ఇంజను చుట్టూ, సైలెన్సర్ పక్కగా, తమకు వీలైన దారిలో తిప్పుకోవచ్చు. ఇంజను వెనకాల ఉండే బస్సులను తలచుకోండి. డ్రైవరు ముందు కూర్చుంటాడు, గేర్‌బాక్సు బస్సు చివర ఎక్కడో ఉంటుంది. అలాంటి కొన్ని బస్సుల్లో డ్రైవరు చేతి కదలికను అంత దూరం మోసుకెళ్లేది కేబులే.

ఈ కేబుల్‌కు మూలం సైకిలు. ఎర్నెస్ట్ మానింగ్‌టన్ బౌడెన్ అనే ఆయన 1896లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. తీగ చుట్టి చేసిన గొట్టం బయట, అందులో జారే ఉక్కు తీగ లోపల. బయటి గొట్టం కదలకుండా రెండు కొసల్లో బిగించి ఉంటే, లోపలి తీగ ఒక కొసన ఎంత లాగితే రెండో కొసన అంత కదులుతుంది. సైకిలు బ్రేకుకు లాగుడు ఒక్కటే చాలు, తిరిగి పంపే పని స్ప్రింగు చూసుకుంటుంది. గేరు కేబుల్‌కు లాగుడూ కావాలి, తోపుడూ కావాలి. అందుకని లోపలి తీగ ఇంకా గట్టిగా, లావుగా ఉంటుంది. అది జారడానికి మధ్యలో ప్లాస్టిక్ పొర వేస్తారు. రెండు కొసల్లో రబ్బరు బూట్లు తొడుగుతారు. కొసన ఉండే కన్నంలో ప్లాస్టిక్ బుష్ కూర్చుంటుంది. ఆ బుష్ గేర్‌బాక్సు మీద ఉండే చిన్న గోళీ తల మీద పట్టుగా దిగుతుంది. మొత్తం వ్యవహారంలో అతి చవకైన వస్తువు ఆ బుష్. ముందుగా పోయేదీ అదే.

రెండు కేబుళ్లు ఎందుకంటే, గేరు వేసేటప్పుడు మన చెయ్యి రెండు పనులు చేస్తుంది. రాడ్డును కుడి ఎడమలకు జరిపి వరస ఎంచుకుంటాం. తర్వాత ముందుకో వెనక్కో తోసి గేరు వేస్తాం. వరస ఎంచే కదలికను ఒక కేబుల్ మోస్తుంది, గేరు వేసే కదలికను ఇంకొకటి. మెకానిక్కులు మొదటిదాన్ని సెలెక్ట్ కేబుల్ అనీ, రెండోదాన్ని షిఫ్ట్ కేబుల్ అనీ అంటారు. ఈ తేడా మనసులో పెట్టుకోండి. రోగం ఎక్కడుందో సగం దీంతోనే తెలిసిపోతుంది.

రాడ్డును వదిలేస్తే అది తనంతట తాను మూడు నాలుగు గేర్ల వరసలో నిలబడటం చాలా ఐదు గేర్ల కార్లలో మీరు గమనించే ఉంటారు. గేర్‌బాక్సు లోపలి స్ప్రింగు దాన్ని అక్కడికి తెస్తుంది. సెలెక్ట్ కేబుల్ ఊడిపోతే గేర్‌బాక్సు ఆ నడి వరసలోనే ఉండిపోతుంది. అప్పుడు మీరు ఒకటో గేరు వేశాననుకుంటారు, పడేది మూడోది. రెండోది వేశాననుకుంటారు, పడేది నాలుగోది. బండి ఎత్తుకోదు, గుటగుటలాడి ఆగిపోతుంది. ఇంజను బలహీనపడిందని అనుకుంటారు. ఇక షిఫ్ట్ కేబుల్ ఊడిపోతే రాడ్డు పులుసులో గరిటెలా ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. గేర్‌బాక్సు మాత్రం అంతకుముందు ఏ గేరులో ఉందో ఆ గేరులోనే ఉంటుంది.

ఈ చివరి వాక్యాన్ని ఇంకోసారి చెబుతాను, ఇందులో ప్రమాదం ఉంది కనుక. రాడ్డు న్యూట్రల్‌లో ఉన్నట్టు కనిపిస్తుంది, గేర్‌బాక్సు మొదటి గేరులోనే ఉండవచ్చు. మీరు క్లచ్ తొక్కకుండా తాళం తిప్పితే బండి ఎగిరి ముందుకు దూకుతుంది. ముందు గోడ ఉంటే గోడ, మనిషి ఉంటే మనిషి. గేరు మీద అనుమానం వచ్చిన రోజు నుంచి క్లచ్, బ్రేకు రెండూ తొక్కి పెట్టి మాత్రమే తాళం తిప్పండి. అలాగే, బండిని వాలులో ఆపి, హ్యాండ్‌బ్రేకు వెయ్యకుండా గేరులో పెట్టి వెళ్లిపోయే అలవాటు మనవాళ్లకు చాలామందికి ఉంది. రాడ్డు గేరులో ఉన్నంత మాత్రాన బండి గేరులో ఉన్నట్టు కాదు. హ్యాండ్‌బ్రేకు లాగండి, చక్రానికి రాయి పెట్టండి.

ఇప్పుడు పరీక్ష. ఇందులో మొదటి భాగానికి మెకానిక్ కూడా అక్కర్లేదు.

బండిని చదునైన చోట నిలిపి, హ్యాండ్‌బ్రేకు వేసి, ఇంజను ఆపండి. క్లచ్ తొక్కి ఒకటి నుంచి రివర్సు దాకా అన్ని గేర్లూ వేసి చూడండి. ఆగి ఉన్న బండిలో పళ్లకు పళ్లు ఎదురుపడి ఒకోసారి ఒక గేరు మొరాయిస్తుంది. క్లచ్ ఒకసారి వదిలి మళ్లీ తొక్కితే పడుతుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. తర్వాత ఇంజను స్టార్టు చేసి మళ్లీ అదే పని చెయ్యండి. ఇంజను ఆపినప్పుడు వెన్నలా పడిన గేర్లు, స్టార్టు చేశాక పడనంటే, రివర్సు వేస్తే కరకరమంటే, అది గేరు కేబుళ్ల తప్పు కాదు. క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదు. కొన్ని కార్లలో క్లచ్‌కు కూడా వేరే కేబుల్ ఉంటుంది, కొన్నింటిలో ఆయిలు ఉంటుంది. ఆ దారిన వెతకాలి. మెకానిక్ "కేబుల్ పోయింది సార్" అంటే ఏ కేబుల్ అని అడగాల్సింది ఇందుకే.

ఇంజను ఆపినా, నడుస్తున్నా, రెండు వేళలా గేరు బిగుసుకుని ఉందంటే అప్పుడు మన కేబుళ్ల మీదికి అనుమానం వస్తుంది. మన వీధుల్లో ఈ సంభాషణ ఎలా నడుస్తుందో మీకు తెలుసు.

"సార్, గేర్‌బాక్స్ లొల్లి పెడుతున్నది. దించాలె. ఎట్లాగూ దించుతం గద, క్లచ్ ప్లేట్, ప్రెషర్ ప్లేట్, బేరింగ్ గూడ ఏసేద్దాం."

"తమ్మీ, దించుదువు గాని. ముందు రెండు కేబుళ్లు ఊడదీసి చెయ్యితో కదిపి చూశినవా?"

ఈ ఒక్క ప్రశ్న అడగండి చాలు. చాలా కార్లలో బ్యాటరీనో, ఎయిర్ ఫిల్టర్ డబ్బానో పక్కకు తీస్తే గేర్‌బాక్సు నెత్తిన రెండు చిన్న చేతులు కనబడతాయి. కేబుళ్ల కొసలు వాటికే తగిలించి ఉంటాయి. స్క్రూడ్రైవరుతో మెల్లగా ఎత్తితే ఊడి వస్తాయి. పాత ప్లాస్టిక్ పెళుసుబారి ఉంటుంది కనుక బలం పనికిరాదు. రెండూ ఊడదీశాక లోపల కూర్చున్న మనిషి గేరు రాడ్డును తిప్పాలి. ఇప్పుడు దానికి గేర్‌బాక్సుతో సంబంధం లేదు, ఒక వేలితో కదలాలి. కదలకుండా బిగిసి ఉంటే రోగం కేబుల్‌లోనో, రాడ్డు అడుగున ఉండే కీలులోనో ఉంది. తర్వాత బానెట్ దగ్గరున్న మనిషి గేర్‌బాక్సు మీది చేతుల్ని కదపాలి. సెలెక్ట్ చెయ్యి తోసి వదిలితే స్ప్రింగు మీద వెనక్కి రావాలి. షిఫ్ట్ చెయ్యి టక్కుమని ఒక పక్కకు, టక్కుమని ఇంకో పక్కకు పడాలి. అలా పడుతుంటే ఇక గేర్‌బాక్సును దించాలన్న మాటకు అక్కడితో స్వస్తి. ఆ చేతులే బిగుసుకుని ఉంటే మెకానిక్ చెప్పింది నిజం కావచ్చు, అప్పుడాయనకు అడ్డు పడకండి.

కేబుళ్లను తిరిగి తగిలించి ఇంకో పరీక్ష కూడా చెయ్యవచ్చు, నా దృష్టిలో ఇది మరీ విలువైనది. ఒకరు లోపల గేర్లు వేస్తుంటే ఇంకొకరు కేబుల్ కొసల మీద కళ్లు పెట్టి చూడాలి. రాడ్డు కదిలినా కొస కాసేపు కదలకుండా ఉండి, ఆ తర్వాత కదిలితే బుష్ అరిగింది. లోపలి తీగతో పాటు బయటి గొట్టం కూడా బ్రాకెట్టులో ముందుకూ వెనక్కూ ఊగుతుంటే, గొట్టాన్ని పట్టి ఉంచే క్లిప్పు ఊడిపోయింది, లేదా బ్రాకెట్టు దగ్గర గొట్టమే తెగింది. రాడ్డు పూర్తిగా తోసినా కొస తన ప్రయాణం పూర్తి చెయ్యకపోతే అడ్జస్ట్‌మెంట్ తప్పింది. ఒకటి, మూడు, ఐదు గేర్లు బాగా పడి, రెండు, నాలుగు, రివర్సు అరకొరగా పడుతుంటే కూడా ఇదే అర్థం.

గేర్‌బాక్సును అన్యాయంగా అనుమానించకూడదన్నట్టే, అన్యాయంగా వెనకేసుకురానూ కూడదు. మిగతా గేర్లన్నీ బాగుండి, నడుస్తున్న బండిలో రెండో గేరు వేసేటప్పుడు మాత్రమే కరకరలాడితే అది సింక్రో రింగు. లోపలి సరుకే, కేబుల్ మార్చి లాభం లేదు. యాక్సిలరేటరు వదలగానే గేరు జారి న్యూట్రల్‌లోకి వస్తుంటే, కేబుల్ అడ్జస్ట్‌మెంటునూ ఇంజను మౌంటింగు రబ్బర్లనూ చూసి, అవి రెండూ బాగుంటేనే లోపలికి వెళ్లాలి.

కేబుల్ ఎందుకు బిగుసుకుంటుంది? దీనికి లెక్క ఉంది. 1929లో మొదలైన మన క్యాంపస్ ఇంజనీరింగ్ కాలేజీలో చదువుకున్నవాళ్లకు ఈ సూత్రం గుర్తుండే ఉంటుంది. వంపు తిరిగిన దారిలో లాగే తీగకు ఎదురయ్యే ఘర్షణ దాని పొడవును బట్టి కాక, మొత్తం ఎన్ని డిగ్రీలు వంగిందన్న దాన్ని బట్టి పెరుగుతుంది. అదీ ఊరికే పెరగదు, చక్రవడ్డీలా పెరుగుతుంది. కేబుల్ దారిలోని వంపులన్నీ కూడితే 180 డిగ్రీలు అయిందనుకుందాం. లోపలి పొర నునుపుగా ఉండి ఘర్షణ గుణకం 0.1 అయితే, అవతలి కొసన ఒక కిలో బలం రావడానికి ఇవతల దాదాపు 1.4 కిలోల బలం పెట్టాలి. తుప్పు పట్టి ఆ గుణకం 0.3కు చేరితే ఇవతల పెట్టాల్సింది రెండున్నర కిలోలకు పైమాటే. ఈ లెక్కను మనసులో ఉంచుకుంటే కొత్త కేబుల్ వేసేటప్పుడు దాన్ని పాత దారిలోనే, పెద్ద వంపులతో తీసుకెళ్లమని ఎందుకు పట్టుబట్టాలో అర్థమవుతుంది. దగ్గరి దారి దొరికిందని గట్టిగా మెలితిప్పి బిగిస్తే, కొత్త కేబుల్ కూడా మొదటి రోజు నుంచే పాతదానిలా ఉంటుంది.

తుప్పు ఎక్కణ్నుంచి వస్తుందో చెప్పనక్కరలేదు. కొసల్లోని రబ్బరు బూటు చిరిగితే నీళ్లు లోపలికి దిగుతాయి. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వాన ఈ ప్రాంతం వాళ్లకు బాగా గుర్తు. హబ్సిగూడ, రామంతాపూర్ వైపు కాలనీల్లో కార్లు నీళ్లలో మునిగాయి. అలాంటి బండికి ఇంజను ఆయిలు మార్చారు, సీట్లు ఎండబెట్టారు, కార్పెట్లు పారేశారు. కేబుల్ గొట్టంలోకి దిగిన నీటి సంగతి ఎవరూ పట్టించుకోలేదు. అది లోపలే ఉండి తన పని తాను చేసుకుపోతుంది. నెలలు గడిచాక, వానకూ గేరుకూ సంబంధం ఎవరికీ గుర్తురాని రోజున, రాడ్డు బిగుసుకుంటుంది.

బుష్‌ను చంపేది వేడి. మే నెలలో నీడలోనే 40 డిగ్రీలు దాటే ఊరు మనది. ఇంజను పక్కన వేడి దానికి రెట్టింపు పైన. ఏళ్ల తరబడి ఆ వేడికీ, ఒలికిన ఆయిలు జిడ్డుకీ ప్లాస్టిక్ ముందు పొంగి, తర్వాత పొడిపొడిగా రాలిపోతుంది. ఇక పందికొక్కుల మాట. చెట్ల కింద వారాల తరబడి కదలకుండా ఉండే కారంటే వాటికి ఇల్లు కట్టిచ్చినట్టే. వైర్లు కొరుకుతాయని అందరికీ తెలుసు, కేబుల్ తొడుగునూ వదలవు. తొడుగుకు గాటు పడితే నీళ్లకు దారి దొరికినట్టే. పెద్దవాళ్లు కారును వాడకుండా ఉంచితే పాడవదని అనుకుంటారు. కేబుల్ విషయంలో అది తలకిందులు. వారానికి ఒకటి రెండు సార్లు క్యాంపస్‌లో ఒక చుట్టు తిప్పి, అన్ని గేర్లూ వేసిన బండికి కేబుల్ బిగుసుకోవడం తక్కువ.

బిగుసుకున్న కేబుల్‌లో నూనె పోయించడం మన దగ్గర మొదటి వైద్యం. స్కూటరు క్లచ్ వైరుకు చేసినట్టు దీనికీ చేస్తారు. గేరు కేబుళ్లలో చాలావాటికి లోపల పెట్టాల్సిన జారుడు పదార్థం తయారీలోనే పెట్టి మూసేస్తారు. తుప్పు వదిలించే స్ప్రే కొడితే నాలుగు రోజులు హాయిగా ఉంటుంది. ఆ తర్వాత ఉన్న గ్రీజు కూడా కరిగిపోయి, దుమ్ము చేరి, మునుపటికంటే బిగుస్తుంది. ఊరు దాటాల్సిన పరిస్థితిలో అయితే కొట్టండి, కానీ దాన్ని రిపేరు అనుకోకండి.

దారిలో కేబుల్ ఊడితే ఏం చెయ్యాలి? తార్నాక చౌరస్తాలో ఆగిపోతే వెనకున్నవాళ్లు హారను ఆపరు, అది మన సంప్రదాయం. హజార్డ్ లైట్లు వేసి, ఎవరి సాయమైనా తీసుకుని బండిని పక్కకు తోయించండి. ఇంజను ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, బానెట్ ఎత్తండి. కొస ఊడి వేలాడుతూ కనిపిస్తే బుష్ మిగిలి ఉందేమో చూసి, మళ్లీ గోళీ మీద నొక్కి, ప్లాస్టిక్ ట్యాగుతోనో, బైండింగు వైరుతోనో బిగించి ఇంటికి చేరవచ్చు. అదీ కుదరకపోతే, షిఫ్ట్ కేబుల్ ఒక్కటే పోయిన బండిలో ఒక ఉపాయముంది. లోపలి మనిషి క్లచ్ తొక్కి, రాడ్డును ఎడమ వరసలో పట్టుకుంటే, బయటి మనిషి గేర్‌బాక్సు మీది షిఫ్ట్ చేతిని తోసి రెండో గేరులో పెట్టాలి. ఆపైన క్లచ్ తొక్కే స్టార్టు చేసి, రెండో గేరులోనే మెల్లగా ఇల్లు చేరాలి. రివర్సు ఉండదు, కనుక వెనక్కి తీయాల్సిన చోట ఆపకండి. వంతెనలు ఎక్కాల్సిన దారైతే ఈ పని వద్దు. సెలెక్ట్ కేబుల్ పోయి మూడు, నాలుగు మాత్రమే మిగిలితే టో చేయించుకోవడమే మేలు. మూడో గేరులో ఎత్తుకుంటూ పోతే ఇంటికి చేరేసరికి క్లచ్ ప్లేటు వాసన వస్తుంది. అప్పుడు గేర్‌బాక్సును నిజంగానే దించాల్సి వస్తుంది.

సామాను కొనడం ఇంకో కథ. సికింద్రాబాద్‌లో రాణీగంజ్, ఇటు కోఠి దగ్గర పుత్లీబౌలి, స్పేర్ పార్టులకు మన పాత దిక్కులు. వెళ్లేటప్పుడు పాత కేబుళ్లను సంచిలో వేసుకెళ్లండి. "శాంత్రోది ఇవ్వు భాయ్" అంటే చాలదు. ఒకే పేరుతో వచ్చిన కారులో ఏడాది మారితే కేబుల్ పొడవు, కొసన ఉండే కన్నం మారుతుంటాయి. పాతదాన్నీ కొత్తదాన్నీ కౌంటరు మీద పక్కపక్కన పరిచి, పొడవు, కొసలు, క్లిప్పు కూర్చునే గాడి, ఇంజనుకూ సీట్లకూ మధ్యనున్న గోడలోంచి దూరే చోట ఉండే రబ్బరు, అన్నీ పోల్చి చూశాకే డబ్బులివ్వండి. రెండు కేబుళ్లూ ఒకేసారి మార్చడం మంచిది. ఒకదాని వయసే రెండోదానిదీ, పైగా రాడ్డు చుట్టూ ఉండే కన్సోల్ విప్పే కూలి ఎలాగూ ఒకటే. పాత కారుకు కంపెనీది దొరకకపోతే బయట తయారైనది వాడక తప్పదు. చేతిలో పట్టుకుని, కాస్త వంచి, లోపలి తీగను లాగి తోసి చూడండి. ఎక్కడా గరగరలాడకూడదు.

కొన్ని కార్లకు బుష్ విడిగా దొరుకుతుంది. దొరకనప్పుడు వేరే బండి బుష్‌ను చెక్కి సరిపెట్టే ఉస్తాదులు ఉన్నారు. లేత్ మిషన్ మీద నైలాన్ ముక్కతో కొత్తది చేయించేవాళ్లూ ఉన్నారు. నాకు వాళ్లంటే గౌరవం. పది రూపాయల విలువైన ప్లాస్టిక్ ముక్క కోసం మొత్తం కేబుల్ సెట్టు కొనిపించడం కంపెనీల పద్ధతి. ఆ ముక్కను మాత్రమే బాగుచేసే విద్య మన షెడ్లలో మిగిలింది. అయితే కేబుల్ లోపల బాగుంటేనే ఈ వైద్యం. తుప్పు పట్టిన కేబుల్‌కు కొత్త బుష్ వేస్తే ఆ బుష్ కూడా తొందరగానే పోతుంది.

బిగించేటప్పుడు మెకానిక్ పక్కన ఒక పది నిమిషాలు నిలబడండి. ఆయనకు నచ్చకపోయినా సరే, చాయ్ తెప్పించి నిలబడండి. గేర్‌బాక్సు న్యూట్రల్‌లో ఉండాలి. లోపల రాడ్డు కూడా సరిగ్గా న్యూట్రల్‌లో, నిలువుగా ఉండాలి. కొన్ని బండ్లలో రాడ్డు కదలకుండా పిన్ను పెట్టడానికి రంధ్రం ఉంటుంది, సరిపడే డ్రిల్ బిట్టు అందులో దూరుస్తారు. ఆ రెండూ కుదిరాకే అడ్జస్టరు లాక్ చెయ్యాలి. అందాజాగా బిగిస్తే గేర్లు పడతాయి, కానీ సగం సగం పడతాయి. అలా నడిపిన బండిలో లోపలి పళ్లు అరుగుతాయి. గోడలోంచి కేబుల్ దూరే చోట రబ్బరు సరిగ్గా కూర్చోకపోతే వానాకాలంలో నీళ్లు మీ పాదాల మీదికే వస్తాయి.

మారుతి 800 వాళ్లు నా మీద కోపం తెచ్చుకునేలోపు ఒక మాట. మీ బండిలో కేబుల్ లేదు కానీ, కడ్డీ కొసల్లో బుష్‌లు ఉన్నాయి. రాడ్డు మరీ వదులుగా ఊగుతుంటే, ఒకటి వెయ్యబోతే మూడు పడుతుంటే, ఆ బుష్‌లు మార్పించండి. మీ బండి రిపేరు ఇంకా సులువు.

పని అయ్యాక ట్రయల్. ఈ చుట్టుపక్కల వాళ్లకు నేను చెప్పబోయే దానికంటే మంచి దారి దొరకదు. పొద్దున్నే, ట్రాఫిక్ మొదలవకముందు బయలుదేరండి. అడిక్‌మెట్ వంతెన ఎక్కేటప్పుడు మూడు నుంచి రెండుకు దించండి. బరువు మీద ఉన్న బండిలో ఆ గేరు తడుముకోకుండా పడాలి. ఎన్‌సీసీ గేటు దగ్గర క్యాంపస్‌లోకి తిరగండి. లోపల వాకింగు చేసేవాళ్లు, డ్రైవింగు నేర్చుకునేవాళ్లు ఉంటారు కనుక ఎలాగూ మెల్లగానే వెళ్లాలి. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ ముందు దాకా ఒకటి, రెండు, మూడు, మళ్లీ రెండు, అలా మార్చుకుంటూ పోండి. ఖాళీ చోటు చూసుకుని బండి పూర్తిగా ఆపి, రివర్సు వెయ్యండి. వెనక తెల్ల లైటు వెలిగిందో లేదో పక్కవాళ్లను చూడమనండి, ఆ తర్వాతే క్లచ్ వదలండి. అక్కణ్నుంచి తార్నాక వైపు బయటికి వచ్చి, లాలాపేట ఫ్లైఓవర్ మీద నాలుగో గేరు వేసి, యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీయండి. గేరు జారకూడదు.

ఇంటికి వచ్చాక ఇంజను వేడిగా ఉండగానే మరోసారి అన్ని గేర్లూ వేసి చూడండి. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక బిగిస్తే కేబుల్ సైలెన్సరుకు దగ్గరగా పోయిందని అర్థం. షెడ్డు మూసేలోపు వెనక్కి తీసుకెళ్లి దారి మార్పించండి. వారం తర్వాత ఒకసారి బానెట్ ఎత్తి బ్రాకెట్టు క్లిప్పులు రెండూ ఉన్నాయో లేదో చూసుకోండి. పాత బండ్లలో రిపేరు తర్వాత దారిలో రాలిపోయే సామానులో మొదటివి అవే.